నాలుగంతస్తుల హిమాలయం

గుంటూరులో మే నెలలో మంచు గురించి ఆలోచించని మనిషి ఉండడు. కాకపోతే అందరూ గ్లాసులో వేసుకునే మంచు గురించి ఆలోచిస్తారు. బొల్లిముంత సువర్చల మాత్రం కాళ్లతో తొక్కే మంచు గురించి ఆలోచించింది. చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

సువర్చలకు యాభై నాలుగేళ్లు. మిర్చి, తిండిగింజల నిల్వల సంస్థలో నాణ్యత పరిశీలకురాలు. గోడౌన్లో నెట్టు కట్టిన బస్తాల మీదికి చకచకా ఎక్కి, నూటికి పది బస్తాల చొప్పున ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీసి, తేమ ఎంత, మట్టిబెడ్డలెన్ని, పుచ్చులెన్ని అని చూసి గ్రేడు వేయడం ఆమె పని. ఆమె వేసిన గ్రేడు తప్పని ఇంతవరకు రైతూ అనలేదు, షావుకారూ అనలేదు. ముప్పై ఏళ్లుగా ఇరవై బస్తాల ఎత్తు ఎక్కి దిగుతున్న మోకాళ్లు ఆమెవి.

ఉద్యోగంలో చేరిన తొలి ఏడు, మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలో గొట్టాల మీద పేరుకున్న తెల్లటి మంచును వేలితో గీకి నోట్లో వేసుకుంది. నాలుక భగ్గుమంది. టిక్కీలనే మిర్చి బస్తాలు లక్ష ఉన్నచోట పుట్టిన మంచు మరి, కారంగా కాక ఎట్లా ఉంటుంది? ఎప్పటికైనా సరే కారం లేని మంచు తిని తీరాలని ఆ రోజే అనుకుంది. ఆ తర్వాత పెళ్లయింది, పిల్లలయ్యారు, బదిలీలయ్యాయి. మంచు ఒక్కటే కాలేదు.

ఇన్నాళ్లకు ఒక దారి దొరికింది. ఉత్తరాన నీల్‌ఖేత్ కనుమ అనే చోటికి ఎనిమిది రోజుల నడక. ఆరున్నర వేల అడుగుల దగ్గర మొదలుపెట్టి పధ్నాలుగు వేల నూరు అడుగుల దాకా ఎక్కాలి. తీసుకెళ్లే సంఘంవాళ్లకు ఒకటే షరతు, యాభై అయిదు నిండకూడదు. సువర్చలకు జూన్ పద్దెనిమిదికి నిండుతాయి. జూన్ అయిదున బయల్దేరే జట్టే ఆఖరి అవకాశం. అది తప్పిందా, ఈ జన్మకిక కారం మంచే గతి.

"ఎల్లిరా. నేను ఆవకాయేసుకుని ఎట్టాగోట్టా బతికేస్తాలే," అన్నాడు భర్త గోపీనాథం. ఇంట్లో అనుమతి అంత తేలిగ్గా వచ్చేసరికి ఆఫీసులోనూ అంతే అనుకుంది పిచ్చితల్లి.

మే రెండో తారీఖున దరఖాస్తు పట్టుకొని సూపరింటెండెంటు అంకమ్మరావు బల్ల దగ్గరికి వెళ్లింది. అంకమ్మరావు కాఫీ తాగడు, వక్కపొడి నమలడు. ఆయనకు రూల్సు తప్ప వేరే అలవాటు లేదు.

"హిమాలయాలా? ఎల్లొచ్చమ్మా, తప్పకుండా ఎల్లొచ్చు," అన్నాడు కళ్లజోడు సవరించుకుంటూ. "కాకపోతే సర్క్యులర్ నలభై ఏడుంది గదా."

నిరుడు ఈ సంస్థ ఉద్యోగి ఒకడు ఏదో జలపాతం దగ్గర తన ఫోటో తానే తీసుకుంటూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు ఆరు వారాల్లో అతుక్కుంది. సర్క్యులర్ మాత్రం అట్లాగే ఉండిపోయింది. సాహస యాత్రలకు వెళ్లదలచిన సిబ్బంది సదరు యాత్ర యొక్క కాఠిన్యమును, ప్రమాద స్థాయిని సంస్థ నియమించిన కమిటీచే ముందుగా నిర్ధారణ చేయించుకొనవలెనని దాని సారాంశం.

"మూడో పేరా చూడండి. నేనే రాశాను," అని అంకమ్మరావు వేలు పెట్టి చదివాడు. "'దరఖాస్తు చేసిన ముప్పై రోజులలోగా తిరస్కరణ ఉత్తర్వు, నంబరుతో సహా, లిఖితపూర్వకముగా ఉద్యోగి స్వహస్తములకు అందని యెడల, అనుమతి మంజూరైనట్లే భావించవలెను.' ఉద్యోగికి అన్యాయం జరగగూడదు చూడండి!"

అంటే జూన్ ఒకటో తారీఖు సాయంత్రం అయిదు గంటలకు గడువు. ఆ సాయంత్రమే ఏడున్నరకు రైలు. సువర్చల మనసులో లెక్క వేసుకొని, ఆయన సంతకం పెట్టిన దరఖాస్తు తీసి పక్క బల్ల మీదున్న జనరల్ మేనేజరు ట్రేలో వేయబోయింది.

"ముట్టుకోబాకండమ్మా!" అని అంకమ్మరావు కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. "నేను సంతకం పెట్టేశాక అది దరఖాస్తు కాదు, ఫైలు. ఎవరి ఫైలు వాళ్లు మొయ్యకూడదు. పదహారో నిబంధన. నేనీ కుర్చీలో ఉండగా అది జరగదు."

మూడడుగుల అవతల ఉన్న ట్రేలోకి ఆ కాగితం చేరడానికి అటెండరు టిఫిను ముగించుకొని వచ్చేదాకా నలభై నిమిషాలు పట్టింది.

కమిటీ ఏర్పడడానికి రెండు వారాలు పట్టింది. జనరల్ మేనేజరు పరాంకుశం గారు అధ్యక్షులు, ఇంజినీరు జోసెఫ్ రాజారత్నం, సూపరింటెండెంటు అంకమ్మరావు సభ్యులు. ముగ్గురిలో ఎవరూ కొండ ఎక్కినవారు కారు. పక్షపాతం లేకుండా ఉంటుందని అలాంటివారినే వేశారట.

సువర్చల తన దగ్గరున్నవన్నీ బల్ల మీద పరిచింది. దారి పటం, గుండె పరీక్ష కాగితాలు, వాతావరణం వివరాలు, సంఘంవాళ్ల పుస్తకం. పుస్తకం అట్ట మీద 'కాఠిన్యం: మధ్యస్థం నుంచి కఠినం' అని ఉంది.

పరాంకుశం గారు ఆ ముక్క మీద పెన్సిలు పెట్టారు. "ఎవరు వేసిరీ గ్రేడు?"

"తీసుకెళ్లే సంఘంవాళ్లే సార్."

"అమ్మేవాడు వేసిన గ్రేడును కొనేవాడు ఒప్పుకొనునా? ముప్పై ఏళ్ల సర్వీసున్న మీకు నేను చెప్పవలసినదా?"

సువర్చల పుస్తకం మూసేసింది. ఆ మాట గోడౌన్లో షావుకార్లతో ముప్పై ఏళ్లుగా ఆమే అంటోంది మరి!

తర్వాత తేమ చర్చకు వచ్చింది. మంచంటే నీరే కాబట్టి తేమ నూటికి నూరు శాతమని, సంస్థ పరిమితి పదిహేడు శాతమేనని రాజారత్నం ఎత్తి చూపాడు. ఆ లెక్కన హిమాలయాలను ఆరబెట్టి తిరిగి తీసుకురమ్మని వెనక్కి పంపాలి. పరాంకుశం గారు చాలాసేపు ఆలోచించి, యాత్ర జరిగేది ఎండాకాలం కాబట్టి కొంత సడలింపు ఇచ్చారు.

ఆ వెంటనే తరుగు సంగతి. గోడౌన్ నుంచి గోడౌన్‌కు వెళ్లే సరుకులో ఒక శాతం దాకా పోతే సంస్థ అడగదు. జట్టుకు ఇరవై మంది. ఇరవైలో ఒక శాతం అంటే మనిషిలో అయిదో వంతు.

"అయిదో వంతు మనిషి వరకు దారిలో తరిగినను సంస్థకు అభ్యంతరము లేదు," అని రాయించారు పరాంకుశం గారు.

"ఏ అయిదో వంతు సార్?" అంది సువర్చల ఆపుకోలేక.

"అది క్షేత్రస్థాయి సిబ్బంది విచక్షణకు వదలివేయడమైనది," అన్నారాయన చాలా ఉదారంగా.

అసలు చిక్కు నమూనా దగ్గర వచ్చింది. నమూనా చూడకుండా గ్రేడు వేయడం ఈ సంస్థ చరిత్రలో లేదు. నూటికి పది చొప్పున హిమాలయం కావాలి. ఎక్కుడు మొత్తం ఏడు వేల ఆరువందల అడుగులు కాబట్టి నమూనాకు ఏడువందల అరవై అడుగుల కొండ కావాలి.

"కొండవీడు ఉంది గదా సార్, పక్కనే! నేను రేప్పొద్దునే ఎక్కి చూపిస్తా," అంది సువర్చల ఆశగా.

"ఆవరణ వెలుపల తీసిన నమూనా చెల్లదు," అన్నాడు అంకమ్మరావు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది.

సంస్థ ఆవరణలో అన్నిటికన్నా ఎత్తయినది ఆ ఆఫీసు భవనమే. నేల నుంచి నాలుగో అంతస్తులోని ఎండీ గారి గది దాకా ఎనభై ఎనిమిది మెట్లు, నలభై నాలుగడుగులు. లిఫ్టు ఉంది గాని, అది పదకొండేళ్లుగా త్వరలో పనిచేయబోతోంది. రాజారత్నం కూడి, భాగించి, మళ్లీ భాగించి, పదిహేడు సార్లు ఎక్కాక ఇంకా పన్నెండడుగులు మిగులుతుందన్నాడు. నమూనా తక్కువైతే తప్పుగాని ఎక్కువైతే తప్పు లేదు కాబట్టి పద్దెనిమిది ఎక్కుళ్లని నిర్ణయించారు. రోజుకు ఆరు చొప్పున మూడు రోజులు.

"ఇంతేనా!" అని సువర్చల తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"నమూనా తీయునప్పుడు కమిటీ యావత్తు పక్కనే ఉండవలెను," అని అంకమ్మరావు నిబంధన చదివాడు. చదివాక ఆయన ముఖం, రాజారత్నం ముఖం, పరాంకుశం గారి ముఖం ఒకేసారి పాలిపోయాయి.

మే ఇరవయ్యో తారీఖు ఉదయానికి ఆఫీసు ఆఫీసులా లేదు. సైకిల్ స్టాండుకు 'బేస్ క్యాంపు' అని అట్ట కట్టారు. మొదటి అంతస్తు క్యాంటీనులో మజ్జిగ కుండలు పెట్టారు. మూడో అంతస్తు రికార్డు గది ముందు వరండాలో పాత ఫైళ్ల కట్టలు కప్పు దాకా ఉన్నాయి, వాటి పక్కన 'కొండచరియలు విరుగు ప్రాంతము' అని బోర్డు పెట్టారు. నాలుగో అంతస్తులో ఎండీ గారి గుమ్మానికి జెండా కట్టి శిఖరం చేశారు. సిబ్బందికి ఎక్కడ లేని ఉత్సాహం వచ్చింది. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ మాడ్చేస్తుంటే టైపిస్టు ప్రసూన మంకీ క్యాపు పెట్టుకొచ్చింది. అడిగితే, ఎత్తులో చలి ఎక్కువ గదా అంది. ఆమె సీటు రెండో అంతస్తులో.

సువర్చల వీపున పన్నెండు కిలోల సంచి తగిలించుకొని బయల్దేరింది. మొదటి ఎక్కుడు ఎక్కుతూనే ఫోనులో తెనాలి గోడౌన్‌వాళ్లకు మినుముల్లో పుచ్చెంతుంటే తీసుకోవచ్చో చెప్పింది. ఫోను పెట్టేసి చూస్తే శిఖరం వచ్చేసింది. కమిటీ మాత్రం రెండో అంతస్తులోనే ఉంది.

పరాంకుశం గారు మూడో ఎక్కుడులో చెప్పులు జారి ఏడు మెట్లు కూర్చునే దిగారు. రెండో రోజు రాజారత్నం మెట్ల ఎత్తు కొలుస్తూ రికార్డు గది దగ్గర గోడకానుకున్నాడు. ఎప్పటివో జొన్నల ఫైళ్లు నెత్తిన పడ్డాయి. ఆయన్ని తవ్వి తీయడానికి నలుగురు కావాల్సొచ్చింది. అంకమ్మరావుకు మూడో అంతస్తులో, నేలకు ముప్పై మూడడుగుల ఎత్తున, గాలి పలచబడింది. పోయిన తాతగారు మెట్ల మలుపులో నిలబడి 'రూలు చూసే ఎక్కుతున్నావంట్రా?' అని అడిగారని ప్రమాణం చేసి చెప్పాడు. సువర్చల సంచిలోంచి గ్లూకోజు తీసి ముగ్గురికీ తాగించింది, ముగ్గురి సంచులూ తానే మోసింది, పద్దెనిమిది ఎక్కుళ్లూ ముగించి క్యాంటీనులో రెండు పెసరట్లు తిన్నది.

మంచు పరీక్ష ఒకటి మిగిలింది. అందరినీ కోల్డ్ స్టోరేజీలోకి తీసుకెళ్లి తలుపు వేశారు. ఎండన పడి వచ్చినవాళ్లకు మొదటి నిమిషం స్వర్గంలా ఉంది. రెండో నిమిషంలో పరాంకుశం గారు గాలిని గట్టిగా, గుండెల నిండా పీల్చారు. చుట్టూ లక్ష టిక్కీల మిర్చి ఉందన్న సంగతి ఆ ఆనందంలో ఆయనకు గుర్తు లేదు. ఆ తర్వాత తుమ్ములే తుమ్ములు! తుమ్ముతూనే ఆయన చెప్పారు, ఏడుస్తూనే రాజారత్నం రాసుకున్నాడు: 'మంచులో ప్రవేశించిన నాలుగవ నిమిషమున సభ్యులకు కళ్లు, ముక్కు, గొంతు తీవ్రముగా మండినవి. హిమమునకు గల ఈ గుణము ఇంతవరకు ఏ పుస్తకములోను నమోదు కాలేదు.'

నివేదిక నలభై పేజీలొచ్చింది. ఎక్కినవారు నలుగురు, చెడకుండా తిరిగి వచ్చినవారు ఒక్కరు. తరుగు డెబ్బై అయిదు శాతం. గ్రేడు: అతి ప్రమాదకరం.

సువర్చలకు ఒళ్లు మండిపోయింది. "ఇదేం న్యాయం సార్? మీరు గ్రేడు వేసింది మెట్లకి! కొండకి గాదు! కందుల బస్తాలో గొట్టం గుచ్చి పెసలు పుచ్చిపోయాయంటే నేనొప్పుకుంటానా?"

పరాంకుశం గారు కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకొని కళ్లు మూసుకున్నారు. ఎంతైనా ఆయనా గ్రేడింగులోంచి పైకొచ్చిన మనిషే.

"ఆమె చెప్పినది సబబు," అన్నారు చివరికి. "నమూనా ఏ బస్తాలోనిదో గ్రేడు ఆ బస్తాకే చెందును. హిమాలయముల నమూనా మనకు లభ్యము కాలేదు కనుక వాటిపై అభిప్రాయము లేదు. మెట్ల నమూనా లభ్యమైనది. కావున ఈ మెట్లే అతి ప్రమాదకరము."

అంకమ్మరావు సర్క్యులర్ తిరగేశాడు. అతి ప్రమాదకరమని గ్రేడు పడిన చోటికి, పరీక్షలో నెగ్గినవారు తప్ప సంస్థ సిబ్బంది ఎవరూ వెళ్లరాదు. ఇన్నేళ్లుగా రోజూ ఇంతమంది ప్రాణాలకు తెగించి ఆ మెట్లెక్కి సంతకాలు పెడుతున్నారా అని ఆయన కళ్లు చెమర్చాయి.

మే ఇరవై ఆరో తారీఖున, మధ్యాహ్నంలోగా సెక్షన్లన్నీ సైకిల్ స్టాండులోకి దిగిపోయాయి. అటెండరు ఆఖరిసారిగా మెట్లెక్కి నివేదికను, దాంతోపాటు సువర్చల ఫైలును ఎండీ భగీరథప్రసాద్ గారి బల్ల మీద పెట్టి, పరుగున దిగి వచ్చేశాడు. ఎండీ గారు మెట్ల నిషేధం తక్షణం అమలులోకి వచ్చేలా పచ్చసిరాతో సంతకం పెట్టారు. పెన్ను మూత పెట్టాక ఆయనకు తట్టింది, తానున్నది నాలుగో అంతస్తులోనని.

"దిగొచ్చు గదా?" అని అడిగారు కిటికీలోంచి.

"ఎక్కడం కన్నా దిగడమే ప్రమాదమంట సార్, సువర్చల గారి పుస్తకంలో రాసుంది!" అని కిందినుంచి అంకమ్మరావు అరిచాడు.

మొదటి రోజు ఎండీ గారు కంగారుపడ్డారు. రెండో రోజుకు ఆ గది ఆయనకు బ్రహ్మాండంగా నచ్చింది. ఏసీ ఉంది, సోఫా ఉంది, స్నానాల గది ఉంది. అర్జీలు పట్టుకొచ్చే జనం లేరు. భార్య పంపిన కారియరు తాడుకు కట్టిన సంచిలో పైకి వస్తుంది. ఫైళ్లు మాత్రం తాడు మీద రావు. 'ఫైలు గాలిలో ప్రయాణించరాదు, చేతినుండి చేతికే అందవలెను' అని అంకమ్మరావు రాసిన నోటును ఎండీ గారే ఆమోదించి కిందికి పంపారు.

ఎవరి చేతి మీదుగా పంపారంటే, ఇంకెవరు? పరీక్షలో నెగ్గిన మనిషి సంస్థ మొత్తానికి ఒక్కతే. సువర్చలను ఆరోహణ అధికారిణిగా, అదనపు బాధ్యత మీద నియమించారు. పొద్దున్నే టపా పుస్తకం సంచిలో వేసుకొని ఎక్కేది, సంతకాలైనవి మోసుకొని దిగేది. రోజుకు పది ఎక్కుళ్లు. వాటిలో మందుబిళ్లలు ఒకసారి, వార్తాపత్రిక ఒకసారి, ఎండీ గారికి ఏమీ తోచక కబుర్లు చెప్పడానికి ఒకసారి. ఎక్కిన ప్రతిసారీ బల్ల మూల తన ఫైలు కనిపించేది. దాని మీద కప్పు సాసరు పెట్టి ఉండేది. ముట్టుకోకూడదు గదా!

"సార్, నా ఫైలు..." అని రోజూ అడిగేది.

"పరిశీలనలో ఉన్నది," అని ఆయన రోజూ సాసరును ఒక అంగుళం జరిపేవారు.

జూన్ ఒకటి వచ్చింది. రోహిణి కార్తె ఎండకు సైకిల్ స్టాండు రేకులు టపటపమంటున్నాయి. సాయంత్రం నాలుగు గంటలకు సువర్చల ఆ రోజు తొమ్మిదో ఎక్కుడు ఎక్కి ఎండీ గారి ముందు నిలబడింది. ఇంటి దగ్గర సంచి సర్ది ఉంది, రైలుకు మూడున్నర గంటలుంది.

"సార్, ఏడున్నరకు నా రైలు. ఈ ఒక్కటీ తప్పితే నాకింక వయసు చాలదు సార్. ముప్పై ఏళ్ల నుంచి అనుకుంటున్నా."

ఎండీ గారు సాసరు తీశారు, ఫైలు విప్పారు. ఆమె ఒక అడుగు ముందుకు వేసింది.

"సువర్చల గారూ, హిమాలయములపై కమిటీకి అభ్యంతరము లేదు. మీ ఆరోగ్యముపై నాకు సందేహము లేదు," అన్నారు ఎంతో ఆప్యాయంగా. "కానీ మీరు వెళ్లినచో ఈ మెట్లెక్కు మనిషెవరు? సంస్థ స్తంభించిపోవును. మీరు లేనిదే మేము లేము. అందుచేత ప్రజాహితం దృష్ట్యా తిరస్కరించడమైనది."

పచ్చసిరాతో సంతకం పెట్టారు. అభినందిస్తున్నట్టు నవ్వారు కూడా.

సువర్చల కళ్లలో నీళ్లు తిరిగాయి, ఈసారి మిర్చి వల్ల కాదు. చేతకానివాళ్ల సంచులు మోసినందుకు, గ్లూకోజు తాగించినందుకు, చెప్పిన పనల్లా చేసినందుకు తనను తానే తిట్టుకుంది. ఇంకా గట్టిగా ఎండీ గారిని తిట్టుకుంది, పైకి కాదు.

"ఇవన్నీ కిందికి తీసుకువెళ్లండి," అని ఆయన ఏడు ఫైళ్లు ముందుకు తోశారు. "ఈ ఉత్తర్వు కూడా నేల అంతస్తు బట్వాడా గదిలో నంబరు వేయించి, మీరే తీసుకొనండి."

ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ ఆమె చెయ్యి ముందుకు పోయింది. ఆరు ఫైళ్లు సంచిలో పడ్డాయి. ఏడోదాని మీద వేళ్లు ఆనబోతూ ఆగిపోయాయి. 'ముట్టుకోబాకండమ్మా!' అన్న కేక చెవిలో గింగురుమంది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకొని చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అది నా ఫైలు సార్. ఎవరి ఫైలు వాళ్లు మొయ్యకూడదు. పదహారో నిబంధన."

ఎండీ గారు పెన్ను బల్ల మీద పెట్టారు. "అయినచో ఇక్కడే మీ చేతికి ఇచ్చెదను."

"నంబరు పడలేదు గదా సార్. నంబరు లేంది ఉత్తర్వు గాదు. మూడో పేరా."

ఆయన కిటికీ దగ్గరికి పరుగెత్తారు. ఆరు రోజుల్లో ఆయన పరుగెత్తడం అదే మొదటిసారి. "అంకమ్మరావ్! వెంటనే పైకి రా!"

"రాగూడదు సార్! తమరి సంతకమే!" అని కిందినుంచి జవాబొచ్చింది.

"అయితే బట్వాడా రిజిస్టరు ఆమెతో పైకి పంపు!"

"రిజిస్టరు ఆ గది గడప దాటగూడదు సార్!"

"ఉత్తర్వును తాడుకు కట్టి దించుతా!"

"ఫైలు గాల్లో పోగూడదు సార్! మొన్ననే తమరు ఆమోదించారు!"

"నిషేధమే ఎత్తేస్తానయ్యా!" అన్నారు ఎండీ గారు. ఆయన భాషలోంచి వ్యాకరణం అప్పటికే జారిపోయింది.

"గ్రేడు మారాలంటే కమిటీ మళ్లీ నమూనా తియ్యాలి సార్! పద్దెనిమిది ఎక్కుళ్లు!"

ఆ మాట వినగానే సైకిల్ స్టాండు నీడలో కాలు చాపుకొని కూర్చున్న పరాంకుశం గారు "నా వల్ల కాదు బాబోయ్!" అని అచ్చ తెలుగులో కేక పెట్టారు. రాజారత్నం అప్పటికే ప్రహరీ దాటి రోడ్డు మీదున్నాడు.

సువర్చల ఆరు ఫైళ్లతో ఎనభై ఎనిమిది మెట్లు దిగింది. ఆరింటికీ సంతకం పెట్టించుకుంది. బట్వాడా గది గుమ్మంలో స్టూలు వేసుకొని కూర్చొని, గోడ గడియారం వంక చూస్తూ అయిదు దాకా కదల్లేదు. పైన కిటికీలో ఎండీ గారు కాగితం పట్టుకొని ఊపుతూనే ఉన్నారు. అయిదు కొట్టగానే అంకమ్మరావు రిజిస్టరులో ఎర్రసిరాతో గీత గీసి, 'మంజూరైనట్లే భావించడమైనది' అని రాసి, అదే ముక్కను ఒక కాగితం మీదికి దించి, నంబరు వేసి, ఆమె చేతిలో పెట్టాడు.

"మీరు కావాలనే..." అని సువర్చల మొదలుపెట్టింది.

"నేను రూలు చెప్పానమ్మా, అంతే," అన్నాడు అంకమ్మరావు మొహంలో ఏ భావమూ లేకుండా. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రైలుకు టైమైంది, ఎల్లండి. ఆ పైన మాత్రం మెల్లిగా ఎక్కండి. గాలి పలచగా ఉంటది, నాకు తెలుసు."

నీల్‌ఖేత్ కింది ఊళ్లో జట్టును నడిపించే దీపా నేగి అనే ఆవిడ సువర్చల వేలికి చిన్న క్లిప్పు పెట్టి, నాడి చూసి, హిందీలో మూడు ప్రశ్నలడిగింది. రెండు నిమిషాల్లో అయిపోయింది.

"అంతేనా? కమిటీ ఏమీ లేదా?" అంది సువర్చల తనకొచ్చిన హిందీలో. దీపా నేగికి ఆ ప్రశ్న అర్థం కాలేదు.

నిజం కొండ నిజంగానే కష్టంగా ఉంది. దారిలో మజ్జిగ కుండలు లేవు. ఆరో రోజు కనుమ కిందికి వచ్చేసరికి ఇరవై అడుగులకోసారి ఆగాల్సి వచ్చింది, గుండె చెవుల్లో కొట్టుకుంది. ఒకచోట ఇక చాల్లే, వెనక్కి పోదామనిపించి భయంతో నిలబడిపోయింది. దీపా నేగి పక్కన నిలబడి తనూ ఆగింది. కాసేపటికి సువర్చల ఇంకో ఇరవై అడుగులు వేసింది. అలా ఇరవైలు కూడుతూ కూడుతూ పైకి చేరింది. చుట్టూ కనుచూపు మేరా తెలుపు. సువర్చల మోకాళ్ల మీద కూర్చొని, చేతి తొడుగు విప్పి, పిడికెడు మంచు తీసి నోట్లో వేసుకుంది. ఆ తర్వాత ఇంకో పిడికెడు తీసుకుంది.

దిగి వచ్చాక ఊళ్లో ఫోనుకు ప్రాణమొచ్చింది. అరవై రెండు మెసేజులు. యాభై ఎనిమిది ఎండీ గారివే. మొదటివాటిలో 'తక్షణమే హాజరు కావలెను' అని ఉంది. చివరి దాంట్లో 'ఎప్పుడొస్తావమ్మా? రోజూ సాంబారే పంపుతున్నారు' అని ఉంది. ఆమె నవ్వుకొని ఫోను సంచిలో వేసింది.

దీపా నేగి అందరికీ తలా ఒక కాగితం పంచింది. వెళ్లొచ్చినవాళ్లు యాత్ర ఎంత కష్టమో తమ మాటల్లో రాసివ్వాలట, తర్వాత వచ్చేవాళ్లకు చూపించడానికి. మిగతావాళ్లు అప్పటికే రాసేస్తున్నారు. సువర్చల కళ్లజోడు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది, కాగితాన్ని మోకాలి మీద పరుచుకుంది. నమూనాను తాను స్వయంగా చూసింది కాబట్టి గ్రేడు వేసే హక్కు తనకుంది. ముప్పై ఏళ్లుగా రాసిన వరుసలోనే, గుండ్రటి అక్షరాలతో రాసింది:

తేమ నూరు శాతం. మట్టిబెడ్డలు లేవు. తరుగు లేదు. కారం లేదు. గ్రేడు ఏ.